రొయ్యల మేత కంపెనీలో ‘గ్రాడ్యుయేట్ ట్రైనీ – సేల్స్’ ఆఫర్ వచ్చింది. చేరమంటారా?

పాలకొల్లు కుర్రాడు:

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఈ ఏడాదే ఆక్వాకల్చర్ గ్రూపుతో బీఎస్సీ అయింది. మా కాలేజీకి ఒక రొయ్యల మేత కంపెనీ వాళ్లు వచ్చారు. రాత పరీక్ష, గ్రూప్ డిస్కషన్, రెండు ఇంటర్వ్యూలు పెట్టి అరవై మందిలో నలుగుర్ని తీసుకున్నారు. అందులో నేనొకడిని. ఎందుకు తీసుకున్నారో నాకే అర్థం కాలేదు. గ్రూప్ డిస్కషన్‌లో నేను మాట్లాడింది రెండే వాక్యాలు.

ఏడాది ట్రైనింగ్ అన్నారు. 15 రోజులు హైదరాబాద్‌లో క్లాసులు, తర్వాత ఐదు నెలలు సీనియర్‌తో ఫీల్డు, ఆ తర్వాత సొంత ఏరియా ఇస్తారట. అది భీమవరం కావొచ్చు, నెల్లూరు కావొచ్చు, ఒడిశాలో బాలాసోర్ కూడా కావొచ్చు. జీతం ఏడాదికి 3.6 లక్షలు. అందులో 90 వేలు టార్గెట్ కొడితేనే. బండి మనదే, కిలోమీటరుకి 3 రూపాయలిస్తారు. రెండేళ్ల బాండు రాయాలి, మధ్యలో మానేస్తే లక్షన్నర కట్టాలి. సర్టిఫికెట్లు ఒరిజినల్స్ తెమ్మన్నారు.

నాన్నగారైతే ‘డిగ్రీ చదివింది మేత బస్తాలు అమ్మడానికా’ అంటున్నారు. ఎమ్మెస్సీకి వెళ్లమంటున్నారు. నాకేమో ఇంట్లో ఇంకో రెండేళ్లు ఫీజు అడగాలని లేదు. కానీ కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు పట్టేస్తుంది. ఇలాంటివాడు సేల్స్‌లో బతుకుతాడా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

లెక్కల మనిషి, తణుకు:

సేల్స్ సంగతి నాకు తెలీదు బాబూ, కాగితాల సంగతి చెప్తాను. 3.6లో 90 వేలు పక్కన పెట్టు. మిగిలిన 2.7 లక్షల్ని పన్నెండుతో భాగిస్తే నెలకి 22,500. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ 1,800 కూడా కలిపే చూపిస్తారు, నీ వాటా మరో 1,800 పోతుంది, వృత్తి పన్ను 200. చేతికొచ్చేది 18,700. ఇంట్లో ఈ అంకె చెప్పు, లక్షల లెక్క చెప్పకు.

కిలోమీటరుకి 3 అంటే, పెట్రోలు లీటరు 110 అనుకో, నీ బండి 50 ఇస్తే కిలోమీటరుకి రెండూ ఇరవై పెట్రోలుకే. మిగతా ఎనభై పైసల్లో ఆయిలు, టైర్లు, చైను. మన గట్ల మీద చైను ఎన్నాళ్లుంటుందో నీకే తెలుసు.

ఆఫర్ లెటర్లో ‘ట్రైనీ’ అనుందా, ‘అప్రెంటిస్’ అనుందా చూసుకో. 1961 అప్రెంటిస్ చట్టం కింద తీసుకుంటే పీఎఫ్ ఉండదు, ఏడాది తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలన్న రూలూ లేదు. బాండు విషయం: ‘అవేం చెల్లవులే’ అని ఫ్రెండ్స్ చెప్పే మాట నమ్మకు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు పెట్టుకున్న మూడేళ్లు, రెండు లక్షల బాండు చెల్లుతుందని తీర్పిచ్చింది. అలాగని ప్రతి బాండూ చెల్లుతుందనీ కాదు, ఆ బ్యాంకు కేసు వేరు, నీది వేరు. సంతకం పెట్టే ముందు తెలిసిన లాయరుకి ఒకసారి చూపించు. ఒరిజినల్స్ మాత్రం ఇవ్వొద్దు. చూపించి, జిరాక్సులిచ్చి, వెనక్కి తెచ్చుకో. ‘మా దగ్గరే ఉంచుతాం’ అంటే అక్కడే ఆలోచించుకో.

గట్టు మీద గుమస్తా, ఉండి:

తమ్ముడూ, నేను 2012లో ఇలాంటి బ్యాచ్‌లోనే చేరాను. వేరే కంపెనీ, అదే మేత. పదకొండు మందిమి చేరాం. ఇప్పుడు ఈ లైన్లో మిగిలింది ముగ్గురం. బాగా మాట్లాడేవాళ్లు ముందు వెళ్లిపోయారు, నవ్వకు, నిజం.

ఇప్పుడు అందరూ పెంచే వనామీ రకం రొయ్యకి మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. నేను చేరేనాటికి మా చుట్టుపక్కల వరిచేలు వరసగా చెరువులవుతున్నాయి. ఎవడు సంచీ తగిలించుకుని వెళ్లినా మేత అమ్ముడుపోయే రోజులవి. దాంతో నేనూ పెద్ద సేల్స్‌మన్‌ననుకున్నాను.

క్లాసుల 15 రోజులు హాయిగా గడుస్తాయి. ఏసీ గది, ప్రొజెక్టరు, మధ్యాహ్నం బిర్యానీ. ఒకడు రైతు, ఒకడు సేల్స్‌మన్‌ అని నాటకం ఆడిస్తారు. ఆ రైతు వేషం వేసినవాడు హైదరాబాద్ వీధుల్లో పెరిగినవాడై ఉంటాడు, రెండు నిమిషాల్లో ఒప్పేసుకుంటాడు. అసలు రైతు అలా ఒప్పుకోడు. ఆయన నిన్ను చూడనే చూడడు, చెరువుకేసి చూస్తుంటాడు.

అసలు ట్రైనింగ్ నాకు సీనియర్ దగ్గర మొదలైంది. పొద్దున్న ఐదున్నరకి ఉండి సెంటర్లో ఎక్కించుకుని, టీ తాగించి, ఒక్క మాట చెప్పాడు. పది రోజులు నోరు తెరవొద్దు, నోట్‌బుక్ తెరువు అని. మొదటి చెరువు దగ్గర ఆయన ఇరవై నిమిషాలు కంపెనీ పేరే ఎత్తలేదు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్లలో ఉంచే చెక్ ట్రే పైకి తీశాడు. మేత వేసి రెండు గంటలైంది, ట్రేలో ఇంకా గుప్పెడు గుళికలున్నాయి. ట్రేలో ఉన్న రొయ్యని ఒకదాన్ని పట్టి వెలుతురుకి ఎదురుగా పెట్టాడు. వీపు మీద పేగు నల్లగా గీతలా ఉండాలి. దానికి మధ్యలో రెండు చోట్ల తెగి ఉంది. ‘రాత్రి ఏరేటర్లు ఎన్ని తిరిగాయండి?’ అనడిగాడు, నీళ్లలో గాలి కలిపే మోటార్లు అవి. కరెంటు పోయి గంటసేపు ఆగాయని ఆ చెరువు గుమస్తా నసిగాడు. ‘ఈ పూట మేత సగానికి తగ్గించండి’ అని చెప్పి మేం వెళ్లిపోయాం. ఆ రోజు అక్కడ ఒక్క బస్తా ఆర్డరు లేదు.

నాకు అర్థం కాలేదు. మనం మేత అమ్మడానికి వచ్చి మేత తగ్గించమంటామేంటని బండి మీద అడిగాను. ఆయన లెక్క చెప్పాడు, నువ్వూ రాసుకో. కిలో రొయ్య పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో అది ఎఫ్‌సీఆర్, నీకు తెలిసిందే. ఐదు టన్నుల పట్టుబడి వచ్చే చెరువుకి 1.4 పడితే ఏడు టన్నుల మేత, అంటే 25 కిలోల బస్తాలు 280. అదే 1.3 పడితే 260. ఇరవై బస్తాలు తేడా. ఆ ఇరవై బస్తాలు రైతుకి మిగిల్చినవాడిని రైతు మర్చిపోడు, పక్క చెరువు వాళ్లకి చెప్తాడు. మిగల్చనివాడికి ఆ ఇరవై బస్తాలు ఈ పంటకి అమ్ముడవుతాయి, వచ్చే పంటకి ఆ గట్టు మీద వాడి కంపెనీయే ఉండదు. నువ్వు చదివిన బీఎస్సీ ఇక్కడ పనికొస్తుంది, మీ నాన్నగారికి చెప్పు. బస్తాలు అమ్మే చదువు కాదది, ట్రే చూసే చదువు.

గ్రూప్ డిస్కషన్‌లో రెండు వాక్యాలే మాట్లాడానన్నావు. చెరువు దగ్గర ఆ రెండూ ఎక్కువే.

ఇక నేను చేసిన వెధవ పని చెప్తాను. రెండో ఏడాది, సొంత ఏరియా, మార్చి ఆఖరు. టార్గెట్‌కి పది టన్నులు తగ్గాయి. పై ఆఫీసరు రోజుకి నాలుగుసార్లు ఫోను. కాళ్ల మండలంలో ఒక డీలరు ఉండేవారు, పెద్దాయన, నన్ను ‘బాబూ’ అనే పిలిచేవారు. ఆయన గోడౌన్‌లో అప్పటికే సరుకుంది. కాళ్లా వేళ్లా పడి మరో పది టన్నులు దింపాను. నాలుగు వందల బస్తాలు. కంపెనీ లెక్కలో నా టార్గెట్ అయిపోయింది. ఇన్సెంటివ్ పడింది, దాంతో ఫోను కొన్నాను.

ఏప్రిల్లో ఆ చుట్టుపక్కల రొయ్యలకి తెల్లమచ్చ వైరస్ జబ్బు తిరిగింది. రైతులు అర్ధంతరంగా వలలు లాగేశారు. వంద కౌంటు (కిలోకి వంద) కూడా రాని చిన్న రొయ్య, ఏ ధరకి పడితే ఆ ధరకి అమ్మేశారు. చెరువులే ఖాళీ అయితే మేత ఎవరికి? బస్తా మీద మూడు నెలలు గడువు. జూన్‌లో వానలు పట్టాక ఆయన నన్ను రమ్మన్నారు. నేను భయపడుతూ వెళ్లాను. ఆయన తిట్టలేదు. కాఫీ ఇప్పించారు. తాగాక గోడౌన్‌లోకి తీసుకెళ్లి కింది వరసలో ఒక బస్తా కుట్టు విప్పి, గుప్పెడు తీసి నా అరచేతిలో పోశారు. గుళికలు ఒకదానికొకటి అంటుకుపోయి, మీద పచ్చగా బూజు. ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. ‘ఇది ఎవరి చెరువులో వెయ్యమంటావు బాబూ?’ అన్నారు. అంతే.

కంపెనీ వెనక్కి తీసుకోనంది. గడువు దాటనివి ఇంకా నూటయాభై దాకా ఉంటే, చిన్న ఆటో ట్రక్కు మాట్లాడుకుని మూడు రోజులు తిరిగి ఆకివీడు, గణపవరం వైపు డీలర్లకి బతిమాలి సర్దాను. కిరాయి నాదే. మిగతావి గోతిలో పూడ్చారు. ఆయన నష్టం పూర్తిగా తీరలేదు. ఆయన ఆ తర్వాత కూడా నాతో వ్యాపారం చేశారు కానీ, మార్చి నెలలో మాత్రం నా ఫోను ఎత్తేవారు కాదు.

కాబట్టి హెచ్‌ఆర్‌ని అడగాల్సింది జీతం గురించి ఒక్కటే కాదు. టార్గెట్ దేని మీద కడతారో అడుగు. కంపెనీ నుంచి డీలరు గోడౌన్‌కి దిగిన సరుకు మీదా, డీలరు దగ్గర్నుంచి చెరువుకి వెళ్లిన దాని మీదా, వసూలైన డబ్బు మీదా? గోడౌన్‌కి దిగిన దాని మీదే అంటే ప్రతి నెలాఖరూ నీకు నా మార్చి లాంటిదే. నీకిచ్చే ఏరియాలో పాత బాకీలు ఎంతున్నాయో కూడా అడుగు. మన దగ్గర మేత ఎక్కువగా అరువు మీదే నడుస్తుంది, పట్టుబడి అయ్యాక కడతారు. ముందున్నవాడు ఎగ్గొట్టే చోట ఇచ్చి వెళ్లిపోతే, నీ మొదటి ఆరు నెలలు అమ్మకం ఉండదు, వాడి బాకీల కోసం గుమ్మాల ముందు నిలబడటమే. చివరగా, ఎవరి కింద వేస్తున్నారో కనుక్కో. ఆ ఐదు నెలలూ మంచి సీనియర్ దొరికితే బాలాసోర్ అయినా వెళ్లు. దొరక్కపోతే భీమవరం ఇచ్చినా దండగే.

పంటు ప్రయాణం, నరసాపురం:

నాది మేత కాదు, సబ్బులు, బిస్కెట్లు. నేనూ క్యాంపస్‌లో ట్రైనీగా చేరినదాన్నే. మా బ్యాచ్‌లో అమ్మాయిని నేనొక్కదాన్నే. నరసాపురంలో స్కూటీతో సహా పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి దిగి మలికిపురం, రాజోలు, తాటిపాక లైను చేసేదాన్ని. రోజుకి ముప్పై, ముప్పై అయిదు కొట్లు. వర్షాకాలంలో గోదారి పోటు మీదుంటే పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా తిరిగి రావాలి. ఆ చుట్టుతిరుగుడు కిలోమీటర్లు ఇవ్వరా అని మా మేనేజరుతో నేను చేసిన యుద్ధం ఒక పెద్ద కథ.

పైన అన్నయ్య చెప్పింది మా లైన్లోనూ అంతే. మొదటి వారం ఏ కొట్టుకెళ్లినా ఆర్డరు సంగతి ఎవరూ మాట్లాడలేదు. ‘ముందోడు తీసుకెళ్లిన డ్యామేజీ బిస్కెట్ల డబ్బులేవమ్మా?’ ఇదొక్కటే. మలికిపురంలో ఒక కొట్టాయన అట్టపెట్టె నిండా ఎలుకలు కొట్టిన ప్యాకెట్లు దాచి మరీ చూపించాడు. ఒక్కో కొట్టు పాత లెక్క పుస్తకంలో రాసుకుని, మూడు వారాలు వెంటపడి డిస్ట్రిబ్యూటర్‌తో సరుకు రూపంలో ఇప్పించాను. తర్వాత నాకు అక్కడ స్కీము వివరించాల్సిన అవసరమే రాలేదు. ‘నువ్వే రాసుకోమ్మా ఎంత కావాలో’ అనేవారు. అప్పుడు ఎక్కువ రాసుకోకుండా ఉండటమే కష్టం.

అమ్మాయిలెవరైనా ఈ థ్రెడ్ చదువుతుంటే వాళ్ల కోసం ఒక మాట, ఎవరూ చెప్పరు కాబట్టి. లైనులో మొదట వెతుక్కోవాల్సింది పెద్ద కొట్టు కాదు, బాత్రూమ్. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా తిరిగి మొదటి నెలలోనే జ్వరం తెచ్చుకున్నాను. తర్వాత తాటిపాకలో ఒక కొట్టాయన భార్య, పిన్నిగారు, ‘ఇంట్లోకి రావే’ అన్నారు. ఆవిడ లేకపోతే నేను ఆ ఉద్యోగంలో ఆరు నెలలు కూడా ఉండేదాన్ని కాదు. కంపెనీ మాన్యువల్లో ఇలాంటివి ఉండవు.

గొంతు పట్టేయడం గురించి: నాకూ పట్టేసేది. నాలుగో కొట్టు దాకా పట్టేసేది, పదో కొట్టుకి ఆకలి మీద మర్చిపోయేదాన్ని.

చెరువు మనిషి, కాళ్ల:

సేల్స్ వాళ్లందరూ మాట్లాడారు కాబట్టి కొనేవాడి మాటొకటి. నాకు నాలుగెకరాల చెరువులు రెండు, ఒకటి సొంతం, ఒకటి లీజు. వారానికి ఐదారుగురు కుర్రాళ్లు వస్తారు, మేతలోళ్లు, మందులోళ్లు, మినరల్సోళ్లు. అందరి చేతిలో ఒకటే రకం ఫోల్డరు.

క్రితం ఏడాది ఒక కుర్రాడొచ్చాడు, మంచి చొక్కా, మంచి మాట. ‘పొద్దున్న పక్క ఊళ్లో చెరువు చూసొచ్చానండి, తెల్లమచ్చ వచ్చేసింది పాపం’ అన్నాడు. అంటూనే ప్యాంటు మడిచి నా చెరువులోకి దిగి ట్రే ఎత్తబోయాడు. అవే కాళ్లు! నేను అరిచిన అరుపుకి కొబ్బరిచెట్టు మీద కాకులు లేచిపోయాయి. గట్టు మొదట్లో కాళ్లు కడుక్కోమని మందు నీళ్ల తొట్టి పెట్టింది దేనికి? బీఎస్సీ చదివాడట వాడూ. నువ్వు అలా చెయ్యకు బాబూ. జబ్బు వచ్చిన చెరువుకి వెళ్తే ఆ రోజుకి అదే ఆఖరు చెరువు చేసుకో.

ఇంకో కుర్రాడున్నాడు. మాట సరిగ్గా రాదు, కొంచెం నత్తి కూడా. 2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు మా దగ్గర కౌంటు ధరలు పడిపోయాయి. అప్పుడు మిగతా కుర్రాళ్ల బళ్లు మా గట్టు మీద కనబడలేదు. అమ్ముడుపోదని తెలుసు కదా, ఎందుకొస్తారు? ఈ అబ్బాయి మాత్రం వచ్చేవాడు. ఇప్పుడే పట్టెయ్యాలా, ఇంకో పదిహేను రోజులు పెంచితే మేత ఖర్చు తిరిగొస్తుందా అని నాతో కూర్చుని కాగితం మీద లెక్క కట్టాడు. పెంచొద్దనే తేలింది. పట్టేశాను. ఇప్పుడు నేను వాడే మేత ఆ అబ్బాయిదే. దానికంటే మంచి మేత మార్కెట్లో ఉందేమో కూడా.

మీ నాన్నగారి మాట నాకు అర్థమవుతుంది. మా వాడు అడిగినా నేను అదే అనేవాణ్ణేమో.

పాలకొల్లు కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్సండి. ఇంత రాస్తారనుకోలేదు.

హెచ్‌ఆర్ మేడమ్‌కి ఫోను చేశాను. ‘ట్రైనీ’ అనే ఉందట, పీఎఫ్ ఉందట. ఒరిజినల్స్ చూసి వెంటనే ఇచ్చేస్తామని మెయిల్ కూడా పెట్టారు. టార్గెట్ సంగతి అడిగితే ఆవిడ కాసేపు ఆగి ‘ఈ ప్రశ్న ట్రైనీలెవరూ అడగరే’ అన్నారు. మొదటి ఏడాది సగం డీలరుకి దిగిన సరుకు మీద, సగం వసూళ్ల మీదట. పాత బాకీల సంగతి ఏరియా మేనేజరు చెప్పాలన్నారు, ఆయన నంబరు ఇచ్చారు. ఇంకా చెయ్యలేదు. రేపు చేస్తాను. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను.

నాన్నగారికి 18,700 అంకె చెప్పాను. ఏమీ అనలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు ‘ఏ కంపెనీ మేతరా అది?’ అన్నారు.

ఆదివారం మా మావయ్య చెరువుకి వెళ్లాను, మొగల్తూరు దగ్గర. తొట్టిలో కాళ్లు కడుక్కునే వెళ్లానండి. యాభై రెండో రోజు పంట. ట్రే తీస్తే చిన్న గుప్పెడు మేత మిగిలింది. పేగులు కొన్నిటికి నిండుగానే ఉన్నాయి, కొన్నిటికి సగమే. మావయ్యకి ఏం చెప్పాలో తెలియక ఫోటో తీసుకుని వచ్చేశాను.

గట్టు మీద గుమస్తా, ఉండి:

మేత ఎన్నింటికి వేశారో అడిగావా? ముందురోజు మబ్బు ఉందా? అది చెప్పు ముందు. ఫోటో కూడా పెట్టు.